షుగర్ మినాట్ పాటల సాయంత్రం: వైజాగ్ డాబా మీద ఎలా పెట్టాలి

షుగర్ మినాట్ అని జమైకా గాయకుడు ఒకాయన ఉండేవాడు. 1956 మే 25న కింగ్‌స్టన్‌లో పుట్టాడు, 2010 జూలై 10న పోయాడు. అప్పటికి వయసు 54 ఏళ్ళే, అందులో నలభై ఏళ్ళకి దగ్గరగా పాటలోనే గడిచాయి. జమైకా సంగీతమైన రెగే, దాంట్లోంచి పుట్టిన డాన్స్‌హాల్ ఇష్టంగా వినేవాళ్ళలో కూడా ఆయన పేరు తెలిసినవాళ్ళు మన ఊళ్ళో తక్కువ. ఆ లోటు తీరాలంటే నాకు తెలిసిన దారి ఒక డాబా, అద్దెకి తెచ్చిన బాక్సులు, ఓ ముప్పై మంది, నాలుగు గంటల టైము. ఏది ముందు వెయ్యాలి, ఏది వెనక వెయ్యాలి, పక్కింటివాళ్ళతో గొడవ రాకుండా ఎలా చూసుకోవాలి, అన్నీ చెప్తాను.

అన్నిటికన్నా ముందు ఒకటి గట్టిగా చెప్పాలి. ఆయన పాటల్ని ఆల్బమ్‌ల వరసలో వెయ్యకండి. ఆల్బమ్‌లు పదుల్లో ఉన్నాయి, కొన్ని అద్భుతం, కొన్ని హడావుడిగా తీసినవి, ఏ కంపెనీ ఎప్పుడు ఏం విడుదల చేసిందో పట్టుకోవడానికే రాత్రి అయిపోతుంది. పైగా ఆ పాటలు ఇంట్లో కూర్చుని వినడానికి చేసినవి కావు. జమైకాలో సౌండ్ సిస్టమ్ అంటే ఒక జట్టు. పెద్ద బాక్సులు, ఆంప్లిఫయర్లు, రికార్డులు ఎంచి వేసే సెలెక్టర్, మైకు పట్టుకుని బాణీ మీద మాటలు పేర్చే డీజే, వీళ్ళంతా కలిసి వీధిలోనో ఖాళీ స్థలంలోనో రాత్రంతా పాట నడిపిస్తారు. షుగర్ మినాట్ చిన్నప్పుడు అలాంటి జట్టులో సెలెక్టర్‌గా పనిచేశాడు, గాయకుడు అయ్యింది తర్వాత. ఆయన జీవితం మొత్తానికి తాళం చెవి ఇక్కడే ఉందని నా నమ్మకం, అందుకే ఈ సాయంత్రాన్ని కూడా సెలెక్టర్ ఆలోచనతోనే నడపాలి.

ఇంకొకటి రిథమ్ సంగతి. మన ఉత్తరాంధ్రలో జముకుల కథ విన్నవాళ్ళకి ఇది వెంటనే ఎక్కుతుంది, వరస ఒకటే ఉంటుంది, దాని మీద కథ మారుతుంది, ఊరు మారుతుంది, మాట మారుతుంది. జమైకాలో బేస్, డ్రమ్ కలిసిన ఒక వరసని అలాగే వాడతారు, దాన్నే రిథమ్ అంటారు, ఒకే వరస మీద పదుల కొద్దీ గాయకులు పదుల కొద్దీ పాటలు పాడతారు, దాన్ని ఎవరూ దొంగతనం అనరు. ఈ సంగతి వచ్చినవాళ్ళకి మొదటి ఐదు నిమిషాల్లోనే అర్థమయ్యేలా చెయ్యాలి, లేకపోతే "ఇందాకటి పాటే కదండీ మళ్ళీ వేశారు" అంటారు.

ఇప్పుడు బాక్సులు. ఫోన్ స్పీకర్‌లో, టీవీ సౌండ్‌బార్‌లో ఈ పాటలు వెయ్యడం దండగ, ఎందుకంటే బేస్ గిటార్‌లో అన్నిటికన్నా కింది తీగ దాదాపు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, రెగేలో అసలు కథ నడిచేది అక్కడి నుంచి ఓ 100 హెర్ట్జ్ దాకా, ఫోన్‌లో ఆ భాగం అసలు వినపడదు. వినపడకపోతే మిగిలేది టిక్ టిక్‌మనే గిటార్, పైన గొంతు, అంతే. పెళ్ళిళ్ళకి, వినాయక చవితికి సౌండ్ అద్దెకి ఇచ్చేవాళ్ళు గాజువాక నుంచి మధురవాడ దాకా ప్రతి పేటలోనూ ఉన్నారు. వాళ్ళని రెండు టాప్‌లు, ఒక బేస్ బాక్సు, మిక్సర్, ఒక వైరు మైకు అడగండి. ముప్పై మందికి ఇంతకన్నా అక్కర్లేదు. ట్రాలీ ఆటో కిరాయి రేటులో కలిసి ఉందో లేదో ముందే తేల్చుకోండి, మనిషి ఉండి ఆపరేట్ చేస్తాడా, వైర్లు కలిపేసి వెళ్ళిపోతాడా అన్నది కూడా.

ఆ ఆపరేటర్‌తో ఒక పావుగంట కూర్చోవడం చాలా ముఖ్యం. ఊరేగింపు సౌండ్‌కి అలవాటుపడ్డ చెయ్యి ట్రెబుల్ పైకి, బేస్ పైకి, మధ్యది కిందకి పెట్టేస్తుంది, అప్పుడు గొంతు గాజు పెంకులా గుచ్చుకుంటుంది. షుగర్ గొంతులో ఉన్నదంతా ఆ మధ్యలోనే ఉంది, తేనెలాంటి మెత్తని గొంతు, పై స్థాయికి వెళ్ళినప్పుడు కొంచెం వణుకుతుంది. కాబట్టి మిక్సర్‌లో అన్నీ మధ్య గీత దగ్గర పెట్టించి, అక్కడి నుంచి బేస్ మాత్రం మెల్లగా పెంచుకుంటూ రండి. ఎకో బటన్ మొదట్లో పూర్తిగా ఆఫ్. దాన్ని వాడాల్సిన చోటు తర్వాత వస్తుంది.

బేస్ బాక్సుని పిట్టగోడ మూలకి చేరిస్తే అదే బాక్సు ఎక్కువ మోగుతుంది, ఇది ఖర్చులేని ఉపాయం. కానీ నేరుగా స్లాబ్ మీద పెట్టకండి. కింద పోర్షన్‌లో వాళ్ళ స్టీలు సామాన్లు ఒణుకుతాయి, అది పాటకన్నా ముందు వాళ్ళకి వినపడుతుంది. మందపాటి ఫోమ్ గానీ, పాత పరుపు ముక్క గానీ కింద వెయ్యండి. మన సముద్రపు గాలికి జాక్ పిన్నులు, వైర్ల చివర్లు తొందరగా తుప్పు పడతాయి, బుస్‌మని సౌండ్ వస్తోందంటే సగం సార్లు అదే కారణం, పిన్నులు తీసి పొడిగుడ్డతో గట్టిగా తుడిచి మళ్ళీ పెడితే చాలు. ఇంటి ఇన్వర్టర్ మీద ఆంప్లిఫయర్ పెట్టే ఆలోచన వద్దు. కరెంటు పోతే ఆగండి. వచ్చినవాళ్ళకి పకోడీలు, ముంత మసాలా పెట్టడానికి అదే సరైన టైము.

రోజు ఎంచుకోవడం పెద్ద విషయం కాదు, డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు ఏ శనివారమైనా బాగుంటుంది. అక్టోబర్, నవంబర్ తుఫాన్ల కాలం, 2014 అక్టోబర్ 12 నాటి హుద్‌హుద్ చూసిన ఊరు ఇది, డాబా మీద కరెంటు సామాను పరిచి ఆకాశం వైపు చూస్తూ టెన్షన్ పడక్కర్లేదు.

పర్మిషన్ మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కి రాతపూర్వక అనుమతి కావాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట వాడకూడదు, ఇళ్ళ మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. స్టేషన్‌లో అర్జీ ఇచ్చి, సాయంత్రం 5:30కి మొదలుపెట్టి 9:30కి ఆపేసేలా ప్లాన్ చేసుకోండి. అంతకన్నా ముఖ్యం, పక్కిళ్ళకి ముందురోజే వెళ్ళి చెప్పి, వీలైతే వాళ్ళనీ పిలవండి. "ఆంటీ, రేపు సాయంత్రం డాబా మీద పాటలు పెడుతున్నాం, తొమ్మిదిన్నరకి ఆపేస్తాం, మీరూ రండి" అంటే చాలు, పిల్లల పరీక్షలుంటే వాళ్ళే చెప్తారు, మనం తేదీ మార్చుకోవాలి. సౌండ్ చెక్ చేసేటప్పుడు ఒకరిని వీధి చివరికి పంపండి. బేస్ గోడలు దాటి వెళ్ళినంతగా గొంతు వెళ్ళదు. డాబా మీద మనకి మామూలుగా అనిపించేది రెండిళ్ళ అవతల గోడలో దడదడలా వినపడుతుంది.

ఇక పాటలు. మొదటి గంట మొత్తం స్టూడియో వన్‌కే ఇవ్వండి, ఈ భాగంలో తొందరపడొద్దు. కింగ్‌స్టన్‌లో బ్రెంట్‌ఫర్డ్ రోడ్డు 13 నంబరులో ఉన్న ఈ స్టూడియోని క్లెమెంట్ డాడ్ 1963 నుంచి నడిపాడు, అందరూ ఆయన్ని కాక్సన్ అనేవారు. 1960లలో అక్కడ రికార్డయిన బేస్ వరసలు ఎంత బలమైనవంటే, 1970ల మధ్యలో మాక్స్‌ఫీల్డ్ అవెన్యూలోని చానల్ వన్ స్టూడియో వాళ్ళు స్లై డన్‌బార్ లాంటి డ్రమ్మర్లతో వాటినే కొత్తగా వాయించి హిట్లు కొట్టడం మొదలుపెట్టారు. అసలు టేపులు కాక్సన్ దగ్గరే ఉన్నాయి. ఆ టేపుల మీద కొత్త మాటలతో పాడగలిగే కుర్రాడు కావాలి. షుగర్ అప్పటికే టోనీ టఫ్, డెరిక్ హోవర్డ్‌లతో కలిసి ఆఫ్రికన్ బ్రదర్స్ అనే ముగ్గురి జట్టులో పాడి బయటికి వచ్చాడు. సెలెక్టర్‌గా ఏళ్ళ తరబడి ఆ రికార్డులు తిప్పిన మనిషి, కాబట్టి ఏ వరస ఎక్కడ ఊపిరి పీలుస్తుందో ఆయనకి చెవికి తెలుసు. స్టూడియోలో అవసరమైతే గిటార్, తాళవాద్యాలు కూడా వాయించాడు.

దీన్ని వినిపించే పద్ధతి ఇది. ముందు ఆల్టన్ ఎల్లిస్ 1960లలో పాడిన 'ఐయామ్ జస్ట్ ఎ గై' వెయ్యండి. ఆపకండి, మాట్లాడకండి, వెంటనే షుగర్ పాడిన 'వానిటీ' వెయ్యండి. బేస్ అదే, పాట వేరే. ఎవరో ఒకరి మొహం వెలుగుతుంది, అప్పుడు రిథమ్ గురించి రెండు మాటలు చెప్పండి. ముందే చెప్తే పాఠం అయిపోతుంది. తర్వాత రెండో జత, టెన్నర్స్ జట్టు 1967లో చేసిన 'ప్రెషర్ అండ్ స్లైడ్', దాని వెనకే షుగర్ 'ఓ మిస్టర్ డీసీ'.

ఈ రెండో పాట దగ్గర కాస్త ఆగాలి. పల్లెటూరి నుంచి గంజాయి సంచితో వస్తున్న ఒక పేదవాడు డీసీ, అంటే డిస్ట్రిక్ట్ కానిస్టేబుల్ చేతికి చిక్కి, ఇంట్లో పిల్లలు ఆకలితో ఉన్నారు, నా సరుకు తీసుకోకండి అని బతిమాలుకుంటాడు. విశాఖ ఏజెన్సీ వైపు గంజాయి కేసుల గురించి రోజూ పేపర్లో చదివే మనకి ఇది దూరదేశపు కథ అనిపించదు. దొరికేది ఎప్పుడూ సంచి మోసేవాడే, పంపినవాడు కాదు. ఆ పాట గంజాయిని పొగడటానికి కాదు, ఆ మనిషి గొంతులోని భయం వినిపించడానికి వెయ్యండి, కుటుంబాలు వచ్చినప్పుడు ఈ మాట ముందే చెప్పండి కూడా. మినాట్ జమైకాలో పుట్టిన రాస్తాఫారీ అనే మత విశ్వాసంతో పాడిన మనిషి, కొన్ని పాటల్లో గంజాయి ప్రస్తావన ఉంటుంది, చిన్నపిల్లలున్న సాయంత్రమైతే మిగతావి పక్కన పెట్టి ఈ ఒక్కటీ ఉంచుకోండి.

1978లో వచ్చిన 'లివ్ లవింగ్' ఆల్బమ్ ఈ పద్ధతికి మొదటి పెద్ద ఫలితం. పాత రిథమ్ మీద కొత్త పాట అన్నది సౌండ్ సిస్టమ్‌లో రాత్రిపూట జరిగే పని, అది ఒక గాయకుడి ఆల్బమ్‌గా బయటికి వచ్చింది. డాన్స్‌హాల్ పుట్టుక గురించి మాట్లాడేవాళ్ళు దీన్ని తలుచుకోకుండా ఉండరు. అందులోంచి మీకు నచ్చిన మూడు పాటలు చాలు.

రెండో భాగం చిన్నది. 1979లో స్టూడియో వన్ బయట 'బ్లాక్ రూట్స్' ఆల్బమ్ తీశాడు, అదే పేరుతో సొంత లేబుల్, అంటే రికార్డు కంపెనీ నడిపాడు. ఆ రోజుల్లో జమైకాలో గాయకుడికి పాటకి ఇంత అని చేతిలో పెట్టి పంపేయడమే మామూలు, రికార్డు ఎన్ని అమ్ముడుపోయినా ఆ తర్వాత వాడికి వచ్చేది పెద్దగా ఉండదు. సొంత లేబుల్ అంటే ఆ లెక్క మార్చుకునే ప్రయత్నం. ఆల్బమ్‌లోంచి 'హార్డ్ టైమ్ ప్రెషర్' వెయ్యండి, ఈసారి వాల్యూమ్ కొంచెం పెంచండి. అప్పటికి చీకటి పడి ఉంటుంది, సముద్రం వైపు నుంచి గాలి మొదలవుతుంది, జనం కుర్చీల్లోంచి లేవడం మొదలయ్యేది ఈ పాటకే.

తర్వాత ఇంగ్లండ్. అక్కడ స్థిరపడ్డ కరీబియన్ కుటుంబాల పిల్లలు లండన్‌లో లవర్స్ రాక్ అనే మెత్తటి ప్రేమపాటల రెగేని తయారుచేసుకున్నారు, షుగర్ గొంతుకి అంతకన్నా సరిపోయేది లేదు. మైకేల్ జాక్సన్ 1972లో పాడిన పాటని 'గుడ్ థింగ్ గోయింగ్' అని మళ్ళీ పాడితే, 1981లో బ్రిటన్ చార్టులో 4వ స్థానానికి వెళ్ళింది. ఇక్కడ కూడా జత పద్ధతే, జాక్సన్ పాట ముందు, షుగర్ పాట వెనక. వచ్చినవాళ్ళలో రెగే అంటే పడనివాళ్ళు ఎవరైనా ఉంటే ఈ పాటకి మెత్తబడతారు.

ఈ హిట్ తర్వాత ఆయన చేసినదే నాకు ఆయన మీద ఇంత ప్రేమ కలగడానికి కారణం. పాప్ వైపు వెళ్ళిపోయే దారి తెరిచి ఉంది. ఆయన మాత్రం యూత్ ప్రమోషన్ మీద పడ్డాడు. అది ఆయన పెట్టిన సౌండ్ సిస్టమ్, దాంతోపాటు కింగ్‌స్టన్ పేటల పిల్లలకి మైకు అందించే చోటు. జూనియర్ రీడ్, టెనర్ సా, యామీ బోలో, గార్నెట్ సిల్క్ లాంటివాళ్ళంతా అటుగా నడిచినవాళ్ళే. జూనియర్ రీడ్ 1980ల మధ్యలో బ్లాక్ ఉహురు జట్టులో ప్రధాన గాయకుడయ్యాడు. టెనర్ సా 1985లో 'రింగ్ ది అలారమ్' పాడాడు, 1988లో కుర్రవయసులోనే పోయాడు. గార్నెట్ సిల్క్ 1994 డిసెంబర్‌లో పోయాడు. మూడో గంట వీళ్ళది. షుగర్ పేరు మీద పెట్టిన సాయంత్రంలో గంటసేపు వేరేవాళ్ళ పాటలేంటి అని ఎవరైనా అడిగితే, ఆయన చేసిన పని ఇదే అని చెప్పండి.

ఈ గంటని ఒక మలుపుతో మొదలుపెడితే బాగుంటుంది. ముందు షుగర్ 1984 పాట 'హెర్బ్‌మాన్ హస్లింగ్' వెయ్యండి, పిల్లలు ఉంటే మాటలు లేని వెర్షన్ చాలు. దాని వెనకే 1985లో కింగ్ జామీ అనే నిర్మాత దగ్గర వేన్ స్మిత్ పాడిన 'అండర్ మీ స్లెంగ్ టెంగ్', దీనికి కూడా వెర్షన్ దొరుకుతుంది. ఈ రెండోదాని రిథమ్ కాసియో ఎమ్‌టీ-40 అనే చిన్న కీబోర్డులో ముందే ఉన్న ఒక బాణీ నుంచి వచ్చింది, ఆ బాణీని కాసియో కంపెనీ ఉద్యోగి హిరోకో ఒకుడా అనే జపాన్ అమ్మాయి తయారుచేసింది. బేస్ బాక్సు పక్కన నిలబడితే ఆ కీబోర్డు బేస్ ఛాతీలో తెలుస్తుంది. వాయిద్యకారుల జట్టు లేకుండానే రిథమ్ తయారయ్యే రోజులు వచ్చేశాయి, అక్కడి నుంచి డాన్స్‌హాల్ వేగం పెంచుకుంది, ఎంతోమంది పాత గాయకులు వెనకబడ్డారు. షుగర్ ఈ కొత్త రిథమ్‌ల మీద కూడా పాడాడు.

పాటలు పోగేసేటప్పుడు ఒక జాగ్రత్త. ఇలాంటి సీనియర్ గాయకులు పాత హిట్లని తర్వాత ఏళ్ళలో వేరే కంపెనీల కోసం మళ్ళీ పాడుతుంటారు, స్ట్రీమింగ్ యాప్‌లలో రెండూ ఒకే పేరుతో కలిసిపోయి ఉంటాయి. సంవత్సరం, లేబుల్ చూడండి, అనుమానంగా ఉంటే బేస్ వినండి, కీబోర్డు బేస్ వినపడితే అది 1978ది కాదు. అన్నీ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, మధ్యలో ప్రకటన మోగితే ఊపంతా పోతుంది. పాట వెనకే దాని వెర్షన్ కలిపి ఉన్న పొడవాటి మిక్స్‌లు దొరికితే అవే తీసుకోండి. 1979 నాటి స్టూడియో వన్ ఆల్బమ్ 'షోకేస్' ఉంటే ఇంకా మంచిది.

ఆఖరి గంట మైకు జనానికి. మాటల్లేని వెర్షన్ ఒకటి లూప్‌లో పెట్టి, వచ్చినవాళ్ళని తెలుగులో పాడమనండి. మొదట ఎవరూ రారు. ఆర్కెస్ట్రాలో పాడేవాళ్ళో, కాలేజీ ఫెస్టుల్లో పాడేవాళ్ళో ఒకరిద్దరిని ముందే సిద్ధం చేసి పెట్టుకోండి. వాళ్ళకి ఒక చిక్కు వస్తుంది. మన పాటల్లో మొదటి దెబ్బ మీద బరువు వేయడం అలవాటు, వన్ డ్రాప్ రెగేలో మొదటి దెబ్బ ఖాళీ, డ్రమ్ బలంగా పడేది మూడో దెబ్బ మీద. ఒకటి, రెండు లోపల లెక్కపెట్టి, మూడుకి పాదం కొట్టి, బేస్ వరస నాలుగైదుసార్లు తిరిగేదాకా నోరు తెరవొద్దని చెప్పండి. ఆ తర్వాత చిన్న మాటలు, పొట్టి వాక్యాలు. ఇలా:

తెల్లారకుండా జెట్టీ కాడ బేరం
రేటు పడిపోతే ఇంటికెళ్తే నేరం
డీజిలుకే చాల్లేదు, వలకేటి పెడతాం
మళ్ళీ రేపు పొద్దున్నే సంద్రం మీద పడతాం

ఎకో ఇప్పుడు వాడండి, వాక్యం అంతటికీ కాదు, చివరి మాటకి మాత్రమే, 'బేరం' అన్నప్పుడు ఆన్ చేసి వెంటనే ఆఫ్. జనానికి నచ్చితే గోడ మీద, నీళ్ళ ట్యాంకు మీద చేత్తో కొట్టమనండి, అది వినపడగానే సెలెక్టర్ పాట ఆపి మొదటి నుంచి వెయ్యాలి. జమైకాలో గాయకుడికి ఇంతకన్నా పెద్ద మెప్పు లేదు. ఒకే మనిషి పావుగంట మైకు పట్టుకుని ఉండిపోతే మొహమాటపడకుండా వెర్షన్ మార్చేయండి, తర్వాతి మనిషికి దారి దొరుకుతుంది. టెన్త్ చదివే పిల్లలు అడిగితే వాళ్ళకే ముందు ఇవ్వండి.

9:15కి బేస్ సగానికి తగ్గించి, 'లివ్ లవింగ్' లోంచి ఇంకో రెండు పాటలు మెల్లగా వేసి ఆపేయండి. బాక్సులు దించేటప్పుడు మెట్ల మీద ఇద్దరు కాదు, నలుగురు ఉండాలి.

ఇది బాగా నడిస్తే తర్వాతి సాయంత్రాలకి నా ఓటు ఇంకో జమైకా గాయకుడు బారింగ్టన్ లెవీకి, ఆ తర్వాత యెల్లోమాన్‌కి. లెవీకి ఇదే పద్ధతి పనికొస్తుంది, 1979 ప్రాంతంలో రూట్స్ రాడిక్స్ జట్టు వాయించిన పాటలతో మొదలుపెట్టి 1985లో వచ్చిన 'హియర్ ఐ కమ్' దాకా వెళ్ళొచ్చు. యెల్లోమాన్ గాయకుడు కాదు, మైకు డీజే, ఆయనకి జత పద్ధతి ఒక్కటే సరిపోదు, 1982 నాటి 'మిస్టర్ యెల్లోమాన్' ముందు వేసి, వెంటనే ఆయన సౌండ్ సిస్టమ్ రాత్రుల లైవ్ రికార్డింగులు ఎక్కువగా వెయ్యాలి.